లేవలేని సాక్షి

శవం బావి గట్టు మీద, నులక మంచం పక్కన పడి ఉంది.

తల వెనక రెండు దెబ్బలు. రక్తం అప్పటికే ఎండి నల్లబడింది. చనిపోయినవాడి పేరు తిమ్మన్న. కరిగుట్ట గ్రామంలో బాగా భూమి ఉన్న ఇద్దరన్నదమ్ముల్లో చిన్నవాడు. వచ్చే నెల పెళ్లి.

డోన్ సర్కిల్ ఇన్‌స్పెక్టర్ శాంతయ్య జీపు దిగేసరికి మధ్యాహ్నమైంది. 1957 ఏప్రిల్ చివరి వారం. దారిలో రేడియేటర్ రెండుసార్లు మరిగింది. నీళ్ల కోసం రెండుసార్లూ ఊళ్లలో బతిమాలుకోవాల్సి వచ్చింది. చొక్కా ఒంటికి అంటుకుపోయింది. మనిషి మండిపోతున్నాడు.

బావి పక్కనే ఆయిల్ ఇంజను గది. తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల జీతగాడు గోపన్న గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. పక్కన గడ్డపార. దాని కొసకు రక్తం, నాలుగు వెంట్రుకలు.

"మా తమ్మున్ని సంపినోడు వీడే సార్." తిమ్మన్న అన్న మారెన్న గది వైపు వేలు చూపించాడు. "నిన్న పొద్దున ఇంజను కాడ ఇద్దరూ కొట్లాడుకున్యారు. శానామంది సూసినారు."

శాంతయ్య గదిలోకి వంగి వెళ్లాడు.

"నువ్వు చంపినావా?"

"లేదు సార్."

"గడ్డపార నీ పక్కకు ఎట్లొచ్చింది?"

"ఎవరో తెచ్చి నా సేతి మీద పెట్టిరి సార్. సల్లగా తగిలె."

"ఎవరు?"

"సూడలేదు. నా మొగం గోడ తట్టుండె."

"తల తిప్పి చూడలేకపోయినావా?"

"తిరగలేకపోతి సార్. కాళ్లు సేతులు పడిపోయినాయి. నాకు అప్పుడప్పుడు అట్లా వస్తాది. పొద్దున లేస్తే ఏదీ కదల్దు. మధ్యాన్నానికి మళ్లా సరిపోతాది. నిన్న రేతిరి పిలిచి బాగా పెట్టిరి సార్, తిని పడుకుంటి..."

"నువ్వేం తిన్నావని అడగలేదు. లెయ్."

గోపన్న గోడ పట్టుకుని లేచాడు. మోకాళ్లు వణికాయి. కానీ నిలబడ్డాడు. కానిస్టేబుల్ జబ్బ పట్టుకుంటే జీపు దాకా నడిచాడు కూడా.

బయట నిలబడ్డ జనం గొణిగారు. హెడ్ కానిస్టేబుల్ ఖాజా మియా నవ్వాడు. "బాగానే నడుస్తాండాడే సార్, పడిపోయిన కాళ్లతో."

కేసు అక్కడితో అయిపోవాలి. ఆయుధం ఉంది. తగాదా ఉంది. మనిషి దొరికాడు. డి.ఎస్.పి. ఫోన్‌లో "శభాష్, వారంలో ఛార్జిషీటు పంపు" అన్నాడు.

కానీ శాంతయ్యకు ముల్లు దిగినట్టు ఒక ఆలోచన దిగింది. అబద్ధం చెప్పేవాడు ఎదుటివాడు నమ్మే అబద్ధం చెప్తాడు. నిద్రపోయానని చెప్పొచ్చు. ఊళ్లో లేనని చెప్పొచ్చు. కాళ్లూ చేతులూ పడిపోయాయని చెప్పి, ఆ వెంటనే లేచి నడిచి చూపించే వెర్రివాడు ఎవడు?

స్థానిక వైద్యుణ్ణి పిలిపించాడు. ఆయన గోపన్న మోకాలి కింద సుత్తితో కొట్టాడు. కాలు ఎగిరింది. పిడికిలి బిగించమన్నాడు. బిగించాడు.

"డ్రామా," అన్నాడు వైద్యుడు సంచి సర్దుకుంటూ.

లాకప్‌లో రోజూ రాగి సంగటి. రోజూ పొద్దున్నే గోపన్న మామూలుగా లేచాడు. ఒక్కరోజూ కాలు పడిపోలేదు. ఎదురుచూసి ఎదురుచూసి శాంతయ్యకు అతని మీదే కోపం వచ్చింది.

"వస్తుందంటివే, ఏదప్పా? ఎప్పుడొస్తుంది?"

"నేను పిలిస్తే వచ్చేది కాదు సార్," అన్నాడు గోపన్న తల దించుకుని.

అతని భార్య ఉరుకుందమ్మ రోజూ వచ్చి స్టేషన్ మెట్ల మీద కూర్చునేది. పొమ్మన్నా పోయేది కాదు. చివరికి ఒకరోజు జీపుకు అడ్డం నిలబడింది.

"నా మాట నమ్మొద్దులే సార్. కర్నూల్లో డాక్టరమ్మ ఉండాది. ఆయమ్మ కాడ ఈయన నెలల తరబడి ఉండి వచ్చినాడు. పోయి అడిగితే మీ సొమ్మేం పోతాది?"

పోయేదేమీ లేదు. శాంతయ్య కర్నూలు వెళ్లాడు.

హంద్రీ ఒడ్డున పాత బంగళా. ఏదో ట్రస్టు వాళ్లు నడిపే చిన్న ప్రయోగశాల. డాక్టర్ కృష్ణవేణమ్మకు నలభై ఏళ్లుంటాయి. ఇన్‌స్పెక్టర్‌ను కూర్చోమని కూడా అనలేదు.

"రాజధాని ఇక్కడున్నప్పుడు నా ఫైలు ఒక టేబుల్ దాటేది కాదు. రాజధాని హైదరాబాదు పోయింది, ఫైలు కూడా పోయింది. రక్తంలో పొటాషియం కొలిచే యంత్రం ఒకటి ఇవ్వండంటే ఇంతవరకు జవాబు లేదు. రక్తం మద్రాసుకు పంపాలి. ఈ ఎండలో అది రైల్లోనే చెడిపోతుంది. ఇప్పుడు ఉన్న ఒక్క పేషెంటును మీరు లాకప్‌లో పెట్టారు. ఇంకేం కావాలి మీకు?"

"అతని జబ్బు నిజమా, అబద్ధమా? అది చెప్పండి చాలు."

"నిజం."

"అర్థమయ్యేటట్టు చెప్పండమ్మా. కోర్టులో నేను చెప్పాలి."

ఆమె నిట్టూర్చి కుర్చీ లాగింది.

"నరం నుంచి కండరానికి ఉత్తరువు వెళ్తుంది. అది సన్నటి కరెంటు లాంటిది. కండరంలో ప్రతి కణానికీ ఒక పొర ఉంటుంది. ఆ పొర గుండా సోడియం లోపలికీ, పొటాషియం బయటికీ సమయానికి కదలాలి. అప్పుడే కండరం ముడుచుకుంటుంది. పొరలో వాటికి వేరువేరు దారులు ఉండాలని ఇంగ్లండులో లెక్కలు కట్టారు. ఆ దారిని ఇంతవరకు కంటితో చూసినవాళ్లు లేరు."

"గోపన్నకు?"

"ఒక్కోసారి అతని రక్తంలోని పొటాషియం కండరాల్లోకి పోయి దాక్కుంటుంది. అప్పుడు నరం ఎన్ని ఉత్తరువులిచ్చినా కండరం అందుకోదు. తెలివి ఉంటుంది. చెవులు వింటాయి. మనిషి మాత్రం కట్టె. కొన్ని గంటల తర్వాత దానంతట అదే సర్దుకుంటుంది. అతని తండ్రికీ ఇదే ఉండేదట. ఎందుకొస్తుందో నాకింకా తెలీదు. కప్పల కండరాల మీద చూద్దామంటే ఈ వేసవిలో కర్నూల్లో కప్ప కూడా దొరకదు."

"నాకు చూపించగలరా?"

"ఎక్కువ తీపి తింటే వస్తుంది. ప్రయత్నిద్దాం."

కోర్టు అనుమతికి నాలుగుసార్లు తిరగాల్సి వచ్చింది. చివరికి గోపన్నను కాపలాతో బంగళాకు తెచ్చారు. సాయంత్రం ఆమె పెద్ద గ్లాసు నిండా గ్లూకోజు నీళ్లు తాగించింది. శాంతయ్య తెల్లవారేసరికే వచ్చాడు.

గోపన్న లేచి కూర్చుని ఉన్నాడు. దండం కూడా పెట్టాడు.

కృష్ణవేణమ్మ గ్లాసు తీసుకెళ్లి తొట్టిలో విసిరేసింది.

ఆ మధ్యాహ్నం డి.ఎస్.పి. ఫోన్. "హత్య చేసినోడికి షరబత్తులు తాపిస్తాండావంట? శనివారానికి ఛార్జిషీటు నా టేబుల్ మీద లేకపోతే నువ్వు ఆదోనిలో ట్రాఫిక్ చూసుకుంటావు."

శాంతయ్య బంగళాకు తిరిగొచ్చాడు. డాక్టరమ్మ గోపన్న ముందు స్టూలు వేసుకుని కూర్చుంది. ఆమె గొంతులో ఓపిక అయిపోయింది.

"ఎందుకు రాలేదు గోపన్నా? తిమ్మన్న చచ్చిపోయిన ముందురోజు నువ్వేం చేసినావు? అంతా చెప్పు."

"బావి గట్టుకు రాళ్లు మోసినానమ్మా. పొద్దు గూకేదాకా. నడుములిరిగిపాయె."

"ఎవరు మోయమన్నారు?"

"మారెన్న."

"తర్వాత?"

"ఇంటికి పిలిచిరి. వరన్నం పెట్టిరి. బెల్లం పూర్ణం ఓళిగలు పెట్టిరి. వద్దన్నా ఇనలేదు, ఇంకొకటి ఇంకొకటని ఏసిరి. బెల్లం పానకం తాపిరి. వచ్చి పడుకుంటి."

కృష్ణవేణమ్మ లేచి నిలబడింది. "కష్టం! ముందు ఒళ్లు అలసిపోవాలి. తర్వాత తీపి. తర్వాత నిద్ర. మూడూ కలవాలి. ఇదంతా నేనే చెప్పి పంపించాను, నేనే మర్చిపోయాను."

శాంతయ్య అక్కడే ఆగాడు. "ఎవరికి చెప్పి పంపించారు?"

"ఇతని భార్యకు. ఇతన్ని తీసుకుపోవడానికి వచ్చిన యజమానికి. ఆ పెద్దమనిషి రెండుసార్లు అడిగాడు, ఏం చేస్తే వస్తుందమ్మా అని. జీతగాడి మీద ఇంత శ్రద్ధా అని సంతోషపడ్డాను."

"యజమానంటే? తిమ్మన్నా?"

"కాదు. పెద్దాయన. మారెన్న."

శాంతయ్య గోపన్న వైపు తిరిగాడు.

"ఉగాదికి కూడా ఇట్లనే వచ్చె సార్," అన్నాడు గోపన్న మెల్లగా. "అప్పుడూ ఆయన ఇంట్లోనే తింటి. పొద్దున మారెన్న వచ్చి నన్ను సూసి పాయె."

మరునాడు గోపన్న బంగళా పెరట్లో పొద్దంతా ఇటుకలు మోశాడు. ఉరుకుందమ్మను పిలిపించారు. ఓళిగలు చేసి పెట్టమంటే ఆమె చేతులు ఆడలేదు.

"నా సేత్తోనే పెట్టమంటారా సార్, ఆ జబ్బు?"

"పెట్టకపోతే ఉరి పడుతుందమ్మా," అన్నాడు శాంతయ్య. మెత్తగా చెప్పడానికి అతనికి వేరే మాట దొరకలేదు.

ఆమె ఏడుస్తూ పెట్టింది. గోపన్న తిన్నాడు.

తెల్లవారింది. గోపన్న మంచం మీద కళ్లు తెరిచి ఉన్నాడు. లేవలేదు.

శాంతయ్య అతని చెయ్యి ఎత్తి వదిలాడు. తడిగుడ్డలా పడింది. మోకాలి మీద సుత్తి కొట్టారు. కదల్లేదు.

"నటిస్తున్నాడేమో సార్," అన్నాడు ఖాజా మియా. కానీ ఆ గొంతులో మునుపటి నవ్వు లేదు.

కృష్ణవేణమ్మ బ్యాటరీకి కలిపిన ఇండక్షన్ కాయిల్ తెచ్చింది. "మీ చెయ్యి ఇవ్వండి ఇన్‌స్పెక్టర్ గారూ."

తీగ తగిలించగానే శాంతయ్య ముంజేయి జెర్రి పాకినట్టు ఎగిరిపడింది. ఆపుదామన్నా ఆగలేదు.

"నటనకు ఇది లొంగదు. మనసుతో పని లేకుండా కండరం ఎగురుతుంది. ఇప్పుడు చూడండి."

అదే తీగ గోపన్న తొడకు తగిలించింది. ఏమీ లేదు. కరెంటు పెంచింది. చర్మం ఎర్రబడింది. కండ ఉలకలేదు.

గోపన్న కళ్ల నుంచి నీళ్లు కారి చెవుల్లోకి పోతున్నాయి. తుడుచుకోలేకపోయాడు. ఉరుకుందమ్మ కొంగుతో తుడిచింది.

ఇంతలో అతని ఊపిరి పలచబడింది. పొట్ట మాత్రం కొద్దికొద్దిగా కదులుతోంది. కృష్ణవేణమ్మ కాయిల్ పక్కకు తోసేసి పొటాషియం కలిపిన నీళ్లు చెంచాతో పోయడం మొదలుపెట్టింది. చెంచా అతని పళ్లకు తగిలి టకటకమంది.

ఎండ కిటికీలోకి బాగా వచ్చాక గోపన్న బొటనవేలు కదిలింది.

"ఇంకోసారి చేయమంటే చేయను," అంది ఆమె నుదురు తుడుచుకుంటూ. "జడ్జి గారు అడిగినా చేయను."

శుక్రవారం శాంతయ్య కరిగుట్టలో మారెన్న వాకిట్లో కుర్చీ వేయించుకున్నాడు. సాక్షులందరినీ పిలిపించాడు. మారెన్న అరుగు మీద కూర్చున్నాడు. అతని భార్య సోమక్క గడప లోపల నిలబడింది. పక్క చేని రైతు చిన్న ఈరన్న ఒక మూల చేతులు కట్టుకుని ఉన్నాడు.

శాంతయ్య ముందు అతని వైపే తిరిగాడు. "కాలవ నీళ్ల కోసం తిమ్మన్నను చంపుతానని బెదిరించినావంట?"

"కోపంలో అంటి సార్. ఆ రేతిరి నేను ఈడ లేను. అహోబిలంలో ఉంటి. మా భజన గుంపంతా నాతోనే ఉండె."

"విచారించినాను. నిజమే. శవాన్ని ముందు చూసింది ఎవరు?"

పొరుగింటి బొజ్జన్న ముందుకొచ్చాడు. "నేను సార్. చెంబు తీస్కోని పోతాంటే కనపడె. అరిస్తి. మారెన్న ఉరికొచ్చె."

"గోపన్న ఎక్కడున్నాడు?"

"ఇంజను రూములో పండుకోని ఉండె. పక్కన గడ్డపార."

"హంతకుడు కళ్ల ముందు పడుకుని ఉంటే మీరేం చేసినారు?"

"కట్టేద్దామని తాడు తెస్తి సార్. మారెన్న వద్దనె. పోలీసులు వచ్చేదాకా ఎవురూ లోపలికి పోగూడదు, తాకగూడదు అనె."

"తలుపుకు గొళ్లెం పెట్టినారా?"

"లేదు."

"కాపలా?"

బొజ్జన్న తల గోక్కున్నాడు. "ఎవురూ లేరు సార్. అందరం శవం కాడ ఉంటిమి. మారెన్న పోలీసుల కోసం పాయె."

"బస్సులోనా?"

"బస్సు అప్పుడే వచ్చింటాది. దాంట్లో పోలే. ఎద్దులబండి కట్టుకోని పాయె."

శాంతయ్య కుర్చీ మారెన్న వైపు తిప్పాడు.

"నేను ఆ రోజు వచ్చినప్పుడు తలుపు బార్లా తెరిచి ఉంది. గోపన్నకు తాడు లేదు, కాపలా లేదు. కళ్లారా చూసి కూడా నేను పట్టించుకోలేదు. మారెన్నా, నీ లెక్కలో నీ తమ్ముణ్ణి చంపినోడు బండెడు బలమున్నోడు. చుట్టూ నల్లమల దాకా తెరిపి పొలాలు. వాణ్ణి కట్టనీయకుండా, గొళ్లెం పెట్టనీయకుండా వదిలిపెట్టి పోయినావు. వాడు పారిపోడని నీకెట్లా తెలుసు?"

మారెన్న పెదవి తడుపుకున్నాడు. "యాడికి పోతాడు సార్, ఊరంతా ఉంటే."

"కాదు. వాడు లేవలేడని నీకు తెలుసు. కడితే ఆ కాళ్లూ చేతులూ చచ్చుబడినాయని బొజ్జన్నకు తెలిసిపోతుంది. అందుకే తాకనీయలేదు. పోలీసులు తొందరగా వస్తే నాకు తెలిసిపోతుంది. అందుకే బస్సు వదిలి ఎద్దులబండి కట్టినావు. నేను వచ్చేసరికి వాడు కోలుకుని నిలబడాలి. అబద్ధాలకోరు అనిపించుకోవాలి. అనిపించుకున్నాడు కూడా."

"జబ్బు ఎప్పుడొస్తాదో నాకెట్ల తెలుస్తాది సార్? నేనేమన్నా డాక్టరునా?"

"డాక్టరమ్మను రెండుసార్లు అడిగి తెలుసుకున్నావు. ఉగాదికి ఒకసారి చేసి చూసుకున్నావు. హత్య ముందురోజు పొద్దంతా రాళ్లు మోయించినావు. శ్రీరామనవమి కూడా వెళ్లిపోయింది. ఏ పండగా లేదు. రాళ్లు మోసిన మిగతావాళ్లు ఏం తిన్నారు బొజ్జన్నా?"

"జొన్నరొట్టె, ఉల్లిగడ్డ సార్. మా ఇండ్ల నుంచి తెచ్చుకున్యాం."

"గోపన్న ఒక్కడికే వరన్నం, ఓళిగలు, పానకం. ఎందుకు?"

శాంతయ్య గడప వైపు చూశాడు.

"అమ్మా సోమక్కా. వంట చేసింది నువ్వేనా?"

"లోపలికి పో," అన్నాడు మారెన్న వెనక్కి తిరగకుండానే.

సోమక్క పోలేదు. గడప దాటి బయటికొచ్చింది.

"నాతోనే సేపిచ్చినాడు సార్. జీతగానికి ఓళిగలేంది ఇప్పుడు అంటి. సెయ్ అనె. సేస్తి." ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తిమ్మన్నకు కూడా ఇంత తీసిపెడదామా అని అడిగితి. వానికెందుకులే అన్యాడు సార్. వానికింక ఎందుకులే అన్యాడు."

శాంతయ్య మళ్లీ మారెన్న వైపు తిరిగాడు.

మారెన్న అరుగు రాళ్ల వైపు చూశాడు. తర్వాత తనలో తాను మాట్లాడుకున్నట్టు అన్నాడు. "పెండ్లికి ముందే పాలు పంచమనె. భూమి సగం సేయొచ్చు సార్. బావిని ఎట్లా సగం సేస్తారు? ఈ సుట్టుపక్కల ఎండాకాలం ఎండని బావి అదొక్కటే. అది లేని భూమి నాకు దేనికి?"

అతను చెప్పిన చోట బావిలో గాలం వేస్తే, రాయి కట్టిన అతని పంచె బయటికొచ్చింది. నీళ్లకు దాని మీది రక్తం మరకలు పూర్తిగా పోలేదు.

గోపన్నను వదిలిపెట్టిన రోజు కర్నూలు జైలు బయట కృష్ణవేణమ్మ కూడా నిలబడి ఉంది. పొటాషియం మందు సీసా ఉరుకుందమ్మ చేతికిచ్చింది.

"రెండు నెలలు నా దగ్గర ఉండనీయమ్మా. ఇంకా తెలుసుకోవాల్సింది చాలా ఉంది. మీకు పుట్టబోయే పిల్లలకైనా పనికొస్తుంది."

"మీరు మంచోళ్లే అమ్మా," అంది ఉరుకుందమ్మ. "కానీ మాకింక శాతకాదు. ఆయప్పను వదిలిపెట్టండి."

డాక్టరమ్మ రిక్షా ఎక్కి వెళ్లిపోయింది. యంత్రం లేదు. కప్పలు లేవు. ఇప్పుడు పేషెంటు కూడా లేడు.

శాంతయ్య ఆ భార్యాభర్తలను తన జీపులో డోన్ దాకా తీసుకెళ్లాడు. దారి పొడుగునా గోపన్న చూపు రోడ్డు మీదే ఉంది. వెల్దుర్తి దాటాక శాంతయ్యే కదిలించాడు.

"నిర్దోషివని తేలింది కదప్పా. ఇంకా ఆ మొహమేంది?"

గోపన్న రోడ్డు వైపే చూస్తూ చెప్పాడు.

"ఒకటి మీకు సెప్పలేదు సార్. మొదటి దెబ్బకు తిమ్మన్న సావలేదు. నన్ను పిలిచె. గోపన్నా, లెయ్యప్పా అని పిలిచె. పొద్దున ఎంత కొట్లాడుకున్యా నన్నే పిలిచె. నాకు ఇనపడతాండాది. అరుస్తాండా, గొంతు బయటికి రాలేదు."

"అతనికి నీ జబ్బు సంగతి తెలుసు కదా."

"జబ్బుందని తెలుసు సార్. ఆ పొద్దు వచ్చిందని తెలీదు."

శాంతయ్య గేరు మార్చాడు.

"లేస్తానని సూసింటాడు సార్," అన్నాడు గోపన్న. "లేస్తా లేస్తా అని సూసి, ఇంక లెయ్యడనుకోని పాయింటాడు."